సీటు ఖాళీగా ఉన్నప్పుడు తీసిన కొలత

ఆరు గంటల పదిహేడు నిమిషాలకు కరెంటు వచ్చింది. చేతిలో ఫోను టార్చి వెలుగుతోంది. ఆర్పబోతూ టైము చూశాను. అందుకే గుర్తుంది.

ముందే ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, విన్నవాళ్లందరూ మొదట అదే అడుగుతారు. చీకట్లో చూశావా అని. కాదు. షెడ్డులో రెండు ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. నేల మీద పడిన నట్టు కూడా కనిపిస్తోంది. నేను తాగను. ఆ రోజు నాకు జ్వరమూ లేదు. నాతో పాటు ఇంకో ఇద్దరున్నారు. వాళ్లూ చూశారు. చూసింది చూసినట్టు చెబుతాను. అదేమిటో మాత్రం నన్నడగొద్దు.

షెడ్డు మా అక్కావాళ్లది. నరసన్నపేట దాటాక హైవే వదిలి లోపలికి వెళ్తే పొలాల అంచున వాళ్ల ఇల్లు. ఇంటి వెనక షెడ్డు. అందులో మా బావ మోటార్లకు వైండింగ్ చేసేవాడు. ఆ పని లేనప్పుడు కారు కట్టేవాడు. పాత చిన్న కారొకటి కొన్నాడు. ముందున్న పెట్రోలు ఇంజను అలాగే ఉంచి, వెనక చక్రాలకు కరెంటు మోటారు బిగించాడు. డిక్కీలో బ్యాటరీలు. ఊళ్లో కరెంటు మీద, హైవే ఎక్కితే పెట్రోలు మీద నడవాలని.

అక్క పక్క మండలంలో బడి పంతులమ్మ. బస్సు దిగి ఆటో కోసం నిలబడాలి. వానొస్తే తడవాలి. నిజానికి ఆ కారు ఆమె కోసమే మొదలైంది. ఏళ్లు పట్టింది. పూర్తికాకుండానే ఈ వానాకాలం మొదట్లో బావ పోయాడు. గుండె. ఆసుపత్రికి తీసుకెళ్లే దారిలోనే. దాని గురించి ఇంతకంటే చెప్పను.

మిగిలిపోయిన పని ఒకటే. బ్యాటరీల బరువుకు కారు వెనక్కి కుంగింది. స్ప్రింగులు మార్చాలి. ఆ తర్వాత చక్రాలు తిన్నగా నడిచేలా అలైన్‌మెంట్ సరిచేయాలి. పట్నంలో ఒక షాపుకు తీసుకెళ్తే అక్కడి కుర్రాడు కంప్యూటర్లో చాలాసేపు వెతికి, "ఈ బండి ఇందులో లేదండి" అన్నాడు. ఎలా ఉంటుంది? అలాంటిది అదొక్కటే.

కాబట్టి మేమే చేసుకోవాలి. మేమంటే నేనూ, అప్పలనాయుడూ. నేను విజయనగరంలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. ఆదివారాలు వచ్చి సాయం పట్టేవాణ్ని. అప్పలనాయుడు బావ స్నేహితుడు, వెల్డింగ్ షాపు ఉంది. బావని అన్న అనేవాడు, అక్కని వదిన అంటాడు. నన్ను పుస్తకాలయ్యా అంటాడు.

నేను చెప్పబోయే రోజుకి ముందటి ఆదివారం స్ప్రింగులు మార్చి, అలైన్‌మెంట్ చూసి, కారు అక్క చేతికిచ్చాం. హైవే దాకా వెళ్లొస్తానని వెళ్లింది. దారిలో బండి ఎడమ పక్కకు లాగేసి కాలవ గట్టు మీదికి పోయింది. అదృష్టం బాగుండి ఆగింది. ఇంటికొచ్చి దిగి తాళం నా చేతిలో పెట్టేసింది.

"ఒరే తమ్ముడూ, ఇది నన్ను సంపేస్తాది. ఇంకొక్క వారం సూస్తాను. బాగైతే ఉంచుదుం. నేదంటే ఆటోలకి బ్యాటరీలు కట్టే ఆయన అడుగుతన్నాడు కదా, సోమవారం రమ్మంటాను. మోటారూ బ్యాటరీలూ ఊడదీసుకుని పట్టుకెళ్లిపోతాడు."

ఆ కారులో బావ చెయ్యి పడని బోల్టు లేదు. అది ముక్కలుగా వెళ్లిపోవడం నాకు ఇష్టం లేదు. అక్కకూ ఇష్టం లేదు. అందుకే అంత గట్టిగా అంది.

నేను చూసింది ఆ వారం గడిచాక, ఆదివారం సాయంత్రం. తెల్లారితే ఆ బ్యాటరీలాయన వస్తాడు.

మా పద్ధతి మొరటుగానే ఉంటుంది. కారుకి రెండు పక్కలా చక్రాల ఎత్తులో తాపీ మేస్త్రీలు వాడే నైలాను దారం లాగి కడతాం. దారం నుంచి చక్రం ముందు అంచుకి ఎంత, వెనక అంచుకి ఎంత అని కొలుస్తాం. ముందు చక్రాల కింద రెండేసి టైల్స్ పెడతాం, మధ్యలో గ్రీజు రాసి. అప్పుడు చక్రం నేలని పట్టుకోదు. ఎటు జరగాలంటే అటు జరుగుతుంది. ఇదంతా బావ నేర్పిందే.

ఇంకొకటి కూడా ఆయన పద్ధతే. కొలిచేటప్పుడు డ్రైవరు సీటులో డ్రైవరు బరువు ఉండాలి. మనిషి కూర్చుంటే ఆ పక్క స్ప్రింగు దిగుతుంది, దాంతో చక్రం కోణం మారుతుంది. ఆయనే సీటులో కూర్చుని ఆయనే కింద పడుకుని కొలవలేడు కదా. అందుకని రెండు బస్తాల్లో చోళ్లు, అంటే రాగులు, పోసి, కాటా మీద తన బరువుకి సరిచేయించి తెచ్చుకున్నాడు. బావ పోయాక ఆ బస్తాలు షెడ్డులోనే ఉన్నాయి. ఎలకలు కొడతాయని తెలిసినా అక్క ఆ చోళ్లు పిండి పట్టించలేదు.

కరెంటు వచ్చేసరికి నేను బస్తాలు సీటులోకి ఎక్కించి ఉన్నాను. అప్పలనాయుడు కుడి ముందు చక్రం పక్కన ఒక కర్ర నిలబెట్టాడు. చక్రం పైన రేకు అంచు ఎంత ఎత్తులో ఉందో ఆ కర్ర మీద సుద్దముక్కతో గీత గీశాడు. గీసి, నిలబడి, సీటు వంక చూశాడు.

"ఏటి పుస్తకాలయ్యా... కిందటి వారం కూడా ఈ బస్తాలే పెట్టినావా?"

"అవే. ఎప్పుడూ అవే కదా."

"ఓర్నాయనో!" అని నెత్తి మీద కొట్టుకున్నాడు. "అవి ఎవులి బరువు? అన్నయ్య బరువు. ఇప్పుడు బండి తోలేదెవులు? వదిన. ఆవిడ ఆయన్లో సగం నేదు. అన్నయ్యకి సరిపడగ చక్రాలు కట్టేసి వదిన సేతికిచ్చినాం. బండి లాగదేటి మరి!"

నేను బస్తాల వంక చూశాను.  తర్వాత ఇద్దరికీ నవ్వొచ్చింది. మాకిద్దరికీ తట్టలేదంటే... ఆ సీటులో ఇంకెవరైనా కూర్చుంటారని మా చేతులకు తెలియదు. అంతే.

"ఎంత సదివితే ఏటి లాభం," అన్నాడు.

"నువ్వూ ఉన్నావుగా పక్కన."

"నాను సదువుకోనేదు బాబూ, నాకు సెల్లుతాది. లెగు, దించు."

బస్తాలు దించాం. ఒకటి నేను, ఒకటి అతను. తలుపు తీసే ఉంది. సీటు ఖాళీ. నేను నడుం పట్టుకుని కర్ర వైపు చూశాను.

రేకు అంచు సుద్ద గీత దగ్గరే ఉంది.

బరువు తీసేస్తే అది లేవాలి. రెండు వేళ్ల మందం లేవాలి. ఎప్పుడూ లేస్తుంది. లేవలేదు.

"పట్టేసినట్టున్నాది," అన్నాడు అప్పలనాయుడు. బానెట్ మీద రెండు చేతులూ వేసి నొక్కి వదిలాడు. కారు ఊగింది. పైకొచ్చింది... మళ్లీ దిగింది. సరిగ్గా గీత దగ్గర ఆగింది.

ఇంకోసారి నొక్కాడు. మళ్లీ అంతే.

ఎడమ పక్క చూశాను. అది బాగానే ఉంది. కుడి పక్క ఒక్కటే దిగి ఉంది. ఎవరైనా కూర్చున్నప్పుడు ఎలా ఉంటుందో అలా.

"కింద రబ్బరు బుష్షు మెలిపడింది. అదే పట్టుకున్నాది," అని అతను కింద దూరాడు. చక్రం పైకీ కిందికీ ఆడే కీలు దగ్గర ఉండే రబ్బరు తొడుగు అది. స్పానరు చప్పుడు. బోల్టు వదులు చేసిన చప్పుడు. "వదిలేసినాను. ఇప్పుడు లెగాల. సూడు..."

చూశాను. లేవలేదు.

అతను బయటికొచ్చాడు. మొహాన మట్టి. స్పానరు నేల మీద పెట్టి సీటు వంక చూశాడు.  హైవే మీద లారీ ఒకటి పోతున్న చప్పుడు. ట్యూబులైటు సన్నగా గుయ్యిమంటోంది. అంతే. ఇంకేమీ లేదు.

ఆ సీటు మీద చెయ్యి పెట్టి చూడాల్సింది. పెట్టలేదు. పెట్టలేకపోయాను.  అయినా పారిపోవాలనిపించలేదు. ఇది చెప్పడం కష్టం. భయం ఉంది... కానీ ఆ షెడ్డులో అన్ని నెలల తర్వాత మొదటిసారి, పని జరగాల్సినట్టు జరుగుతోందనిపించింది.

అక్క టీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏటిరా ఇద్దరూ అలగ నిలబడిపోనారు?"

అప్పలనాయుడు కర్రని చూపించాడు. "బస్తాలు తీసేసినాం వదినా. బండి లెగట్లేదు."

అక్క గ్లాసులు బల్ల మీద పెట్టింది. ఆమెకూ ఈ పని తెలుసు. ఎన్ని ఆదివారాలు టేపు రెండో కొస పట్టుకుందో. వంగి గీత చూసింది. తర్వాత సీటు చూసింది. చాలాసేపు చూసింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

అప్పుడు... మామూలు గొంతుతో, అన్నం వడ్డించాను రండి అన్నట్టు, ఇలా అంది.

"ఒకపాలి దిగండి. నాను కూకోవాల."

ఎవరూ కదల్లేదు.

స్ప్రింగు కిర్రుమంది. ఒక్కసారి. పొడుగ్గా... మెల్లగా. కారు కుడి పక్క లేచింది. రేకు అంచు సుద్ద గీతని వదిలి పైకి వెళ్లింది. వేలెడు. ఇంకో వేలెడు. ఆగింది.

దారం కూడా ఊగింది, చల్లగాలి వీచింది అంటే వినడానికి బాగుంటుంది. దారం ఊగలేదు. గాలి లేదు. తలుపు కదల్లేదు. జరిగింది నేను చెప్పినంతే.

అక్క వెళ్లి సీటులో కూర్చుంది. కారు కొంచెం దిగింది, ఆమె బరువుకి తగ్గట్టు.

"కొలవండి మరి," అంది. "టీ సల్లారిపోతాది."

కొలిచాం. టేపు ఒక కొస నేను పట్టుకున్నాను, రెండోది అప్పలనాయుడు.  చక్రాల మధ్య రాడ్డుని అరచుట్టు అటూ ఇటూ తిప్పి, లాకునట్టు బిగించి, మళ్లీ కొలిచాం. రెండు పక్కలా సరిపోయింది. అక్క అంతసేపూ స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. మొహం తేటగా ఉంది.

"టైల్సు తీసెయ్యండి. తోల్తాను," అంది.

"ఇప్పుడా?" అన్నాను.

"పొద్దున్న ఆయనొచ్చీసరికి తేలాల కదరా."

ముగ్గురం బయల్దేరాం. నేను ముందు, అప్పలనాయుడు వెనక. ఊరు దాటేదాకా కరెంటు మీద చప్పుడు లేకుండా వెళ్లింది. కాలవ గట్టు దగ్గర అక్క స్టీరింగు గట్టిగా పట్టుకుంది.  హైవే ఎక్కాక ఇంజను అందుకుంది. రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంది. అక్క స్టీరింగు మీద చేతులు మెల్లగా వదులు చేసింది. తర్వాత రెండు చేతులూ కొంచెం పైకి తీసింది.

కారు తిన్నగా వెళ్లింది. గీత గీసినట్టు వెళ్లింది.

"ఓలమ్మ! వదినా, సేతులు పెట్టు, నాకు పెళ్లాంపిల్లలున్నారు!" అని వెనక నుంచి అరిచాడు అప్పలనాయుడు. అక్క నవ్వింది. బావ పోయాక ఆమె గట్టిగా నవ్వగా అప్పుడే విన్నాను.

దారి పక్కన ఆపి ఆ బ్యాటరీలాయనకి తనే ఫోన్ చేసింది. "రేపు రాకండి బాబూ. బండి ఇవ్వట్లేదు." అంతే చెప్పింది.

తర్వాతి ఆదివారం అప్పలనాయుడు ఆ బుష్షు విప్పి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇంకా కొత్తదానిలాగే ఉంది. ఎక్కడా నలగలేదు. "రబ్బరు కదా, అలగే పట్టేస్తాది ఒకోపాలి," అన్నాడు, నా మొహం చూడకుండా. దాన్ని మళ్లీ బిగించి, అవే బస్తాలు ఎక్కించి, దించి చూశాం. దించిన మరుక్షణమే లేచింది. ఎన్నిసార్లు చేసినా అంతే. ఆ ఒక్క సాయంత్రమే ఆగింది.

బుష్షే అయ్యుండొచ్చు. బోల్టు వదులు చేసినా, రబ్బరు మెలి వీడటానికి కొంతసేపు పట్టి ఉండొచ్చు. అది వీడే క్షణమూ, అక్క ఆ మాట అన్న క్షణమూ కలిసి ఉండొచ్చు. నేను చదువుకున్నవాణ్ని, ఇలాగే ఆలోచించాలి. ఆలోచిస్తాను. ఎక్కడో ఒకచోట ఆగిపోతాను. అక్కని ఒకసారి అడిగాను, ఏమనుకుంటున్నావని. "అప్పలనాయుడు బుష్షన్నాడు కదరా," అంది. అని చోళ్ల అంబలి నా గ్లాసులో పోసింది. ఆ బస్తాలు అప్పటికే మిల్లుకి పంపేసింది.

ఇప్పుడు రోజూ ఆ కారులోనే బడికి వెళ్లొస్తుంది. కొన్నాళ్లు, షెడ్డులో కారు పెట్టి దిగాక, సీటుని మళ్లీ బావ కాళ్లకు సరిపడేంత వెనక్కి జరిపి తలుపేసేది. ఇప్పుడు జరపడం లేదు.