పురుగు పట్టిన దుంపలు

ఆదివారం సాయంత్రం నాలుగూ పదికి అక్క ఉడికించిన చిలగడదుంపలు పళ్లెంలో వేసి నా ముందు పెట్టింది. అనకాపల్లికి తిరిగి వెళ్లాలని అప్పుడే ఫోన్లో టైము చూసుకున్నాను, అందుకే గుర్తుంది. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, లేచి పెరట్లోకి వెళ్లి ఉమ్మేశాను.

కాకరకాయ చేదు కాదు అది. కొత్తగా వార్నిషు వేసిన తలుపును నాకినట్టుంది. మూడుసార్లు పుక్కిలించినా పోలేదు. నాలుక వెనకభాగాన అంటుకుని ఉండిపోయింది.

అక్కది కశింకోట అవతల చిన్న ఊరు. చెరకు పోగా మిగిలిన కాస్త నేలచెక్కలో దుంపలు వేసింది. వానల వల్ల తవ్వడం ఆలస్యమై ముక్కుపురుగు పట్టింది. పశువులసాలలో కుప్ప పోసి ఉన్నాయి. ఒకటి చీల్చి చూశాను. లోపల నల్లటి సొరంగాలు, వాటి నిండా పురుగు పెంట, అందులో కదులుతున్న తెల్లటి పిల్లపురుగులు. కొన్నింటికి బూజు పట్టి నీరు కారుతోంది. అందులో బాగున్నట్టు కనిపించిన ముక్కలు కోసి అక్క మాకు ఉడకబెట్టింది. మిగతావి గేదె కుడితిలోకి.

అప్పుడు పక్కింటావిడ అక్కడే ఉంది. అక్కకూ ఆవిడకూ ఇరవై ఏళ్ల స్నేహం. ఒకరి పిల్లలను ఒకరు పెంచారు. ఆ స్నేహం పోయింది. పోవడానికి కారణం నేను. దీన్ని రాయడానికి అది తప్ప వేరే కారణం లేదు.

"తమ్ముడు తినలేక ఊసేసింది దానికెలాగెడతావు వొదినా? ఆ కంపు సూడు," అంది ఆవిడ.

"నీ గేదెకి ఎయ్యమన్నానేటి?" అని అక్క నవ్వి, నా వైపు తిరిగింది. నేను డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పినవాణ్ణి. రిటైరైనా ఆ ఇంట్లో నా మాటకు విలువ తగ్గలేదు.

"ఉడకబెట్టి ఏసెయ్యి అక్కా. ఆ సేదు పురుక్కే గాని పశువుకి ఏటీ అవదు," అన్నాను.

అంత తేలిగ్గా అనకూడనివాణ్ణి నేనే. ఎందుకంటే ఆ చేదు ఎలా పుడుతుందో ఏటా నేనే పాఠం చెప్పాను. క్యారెట్ రంగు, కర్పూరం వాసన, రబ్బరు పాలు, మొక్క ఎత్తు పెంచే హార్మోన్లలో కొన్ని, అన్నీ ఐసోప్రీన్ అనే ఐదు కార్బన్ల ముక్కనే అతికించి అతికించి మొక్క చేసుకునేవి. ఆ ముక్క తయారయ్యే దారుల్లో ఒకదానికి ముందే ఒక ఎంజైము కాపలా ఉంటుంది. మొక్క దాన్ని ఊరికే వదిలేయదు. వెలుతురును బట్టి, దొరికే చక్కెరను బట్టి ఎక్కువా తక్కువా తయారు చేస్తుంది. తయారైనదానికి కూడా ఫాస్ఫేటు తగిలించి ఆపుతుంది, తీసేసి నడిపిస్తుంది. దుంపను పురుగు కొరికినా, బూజు పట్టినా కొన్ని గంటల్లోనే ఆ ఎంజైము పెరిగిపోతుంది. అప్పుడు దుంప చేదు నూనెలు చేసుకుంటుంది. అవి గాయం దగ్గరే ఆగవు, చుట్టూ బాగున్నట్టు కనిపించే కండలోకీ వస్తాయి. ఇదంతా నాకు కంఠతా వచ్చు.

మంగళవారం పొద్దున్న ఫోను వచ్చింది. షేర్ ఆటోలో వెళ్లేసరికి గేదె మెడ ముందుకు చాచి, నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. ముక్కుల్లోంచి నురగ. పొట్ట ఎగిరెగిరి పడుతోంది. పశువుల డాక్టరు నిమ్ము అనుకుని ఇంజెక్షన్లు చేశాడు. మేత ఏం వేశారని అడిగాడు. అక్క గడ్డి, తవుడు అంది. దుంపల మాట ఆమెకు గుర్తు రాలేదు. నాకు వచ్చింది. అయినా నోరు విప్పలేదు. మరునాడు గేదె పోయింది.

ఇంటికి వచ్చి పాత నోట్సు తీశాను. ఆ పాఠం చివర నా చేతిరాతే ఉంది: బూజు పట్టిన దుంపల్లో ఈ పదార్థాలు మారి, తిన్న పశువుల ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. పక్కన టిక్కు కూడా పెట్టుకున్నాను. ఉడకబెడితే పోతుందని అందులో ఎక్కడా లేదు. అది నేను కల్పించుకున్నది. తర్వాత ఇంకొంచెం చదివితే, దానికి విరుగుడు లేదనీ, డాక్టరుకు చెప్పినా గేదె దక్కేది కాదనీ తెలిసింది. చదవగానే నాకు తేలికైంది. ఆ తేలికే నాకు అన్నిటికంటే రోత.

అక్క వేరే కారణం వెతుక్కుంది.

"అది ఒద్దన్నపుడే నాకు తెలిసిపోనాది తమ్ముడా. దాని నోరే తగిలింది," అంది.

హెచ్చరించిన మనిషి మీదే నింద పడింది. నేను కాదనలేదు, టీ తాగాను. రెండిళ్ల మధ్య రాకపోకలకున్న దడి కంతను అక్క ముళ్లకంపతో మూసేసింది. పక్కింటావిడ రెండుసార్లు మాట కలపబోయింది. అక్క ముఖం తిప్పుకుంది. ఊళ్లో పేరంటాలకు ఆవిడను పిలవడం తగ్గింది. పచ్చగా ఉన్న చోట ఆవిడ కన్ను పడకూడదనేవారు. ఇవన్నీ అక్కే నాకు చెప్పేది. నేను వినేవాణ్ణి. ఈసారి చెబుదామని ప్రతిసారీ బయల్దేరి, చెప్పకుండా తిరిగొచ్చేవాణ్ణి.

మరుసటి ఏడు శ్రావణంలో అక్క జ్వరంతో పోయింది. నాలుగు రోజులే. పక్కింటావిడ దడి అవతలే నిలబడి ఏడ్చింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

పదకొండో రోజు అయ్యాక పక్కింటి గుమ్మంలోకి వెళ్లి మొత్తం చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆపలేదు.

"దుంపలేనని నాకు అప్పుడే తెలుసు బాబూ. మీకూ తెలుసునని ఇయ్యేల తెలిసింది," అంది.

 కూర్చోమని అనలేదు.

అక్క కోడలికి కూడా చెప్పాను. "పోయిన మడిసి అన్నది తప్పని ఇప్పుడు మేం ఊళ్లో ఎలాగ సెప్తాం మావయ్యా? మీరే సెప్పవలిసింది, ఉన్నపుడు," అంది. నిజమే. అక్క ఉన్నప్పుడు చెప్తే అక్క పోట్లాడేది, వారం అలిగేది, ఆ తర్వాత ఆ ముళ్లకంప తీయించేది. ఇప్పుడు ఆ నింద అక్కతో పాటే ఖాయమైపోయింది.

పెళ్లికైనా చావుకైనా ఆ రెండిళ్లూ ఒకరినొకరు పిలుచుకోవడం లేదు.