గోముఖం దగ్గరి ధూళి

చెప్పాల్సిన చోట ఒక మాట మింగేశాను. ఇన్నేళ్ళైనా అది గొంతు దిగలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. జాలి మాత్రం వద్దు. సుధాకర్ అంటే నాకు అప్పుడూ పడేది కాదు, ఇప్పుడూ పడదు.

కంప్యూటర్ ఉద్యోగాలకని మనవాళ్ళు సింగపూర్‌లో విమానాల నిండా దిగుతున్న రోజులవి. నేను పాయా లేబర్ అనే పేటలో ఒక గోడౌన్‌లో స్టోర్‌కీపర్‌ని. ఇంటర్‌తో చదువు ఆగింది. మిగతాదంతా లైబ్రరీలో కూర్చుని నేర్చుకున్నదే. సుధాకర్ గుంటూరు నుంచి వచ్చిన ప్రోగ్రామర్. లిటిల్ ఇండియా పక్కన రాజమ్మ ఆంటీ ఫ్లాట్‌లో ఇద్దరం ఒకే గదిలో అద్దెకుండేవాళ్ళం. ఆంటీ వాళ్ళు తాతల కాలంలోనే విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆమె తెలుగులో సగం తమిళమే.

నేను పుస్తకం తెరిస్తే చాలు, "ప్రొఫెసర్ గారూ, మీ పుస్తకం ఎక్కడన్నా కంపైల్ అవుద్దా?" అనేవాడు సుధాకర్. ఆంటీ నవ్వేది. మొదటి దోసె ఎప్పుడూ వాడి పళ్ళెంలోనే పడేది. ఇంత చిన్న విషయమా అంటారేమో. అవును, ఇంత చిన్నదే.

ఒకసారి వాడు సెలవు మీద వెళ్ళి, గంగోత్రి దాటి గోముఖం దాకా నడిచి వచ్చాడు. ఆంటీకి ఒక పొట్లం తెచ్చి ఇచ్చాడు. లోపల మైదాలాంటి బూడిదరంగు పొడి. "గంగ పుట్టే చోటి ధూళి ఆంటీ" అన్నాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"తిరునీరా తంబీ?" అని అడిగింది.

తమిళంలో తిరునీరంటే విభూతి. సుధాకర్‌కు ఆ సంగతి తెలియదు. వాడికి అందులో నీరే వినబడింది. "అవునాంటీ, ఆ నీళ్ళ ఒడ్డుదే" అన్నాడు. ఆమె పొట్లం కళ్ళకద్దుకుంది. మంచం పట్టిన వాళ్ళాయన, అంకుల్ నుదుటికి ఆ రోజు నుంచీ దాన్నే రాసింది. గోడౌన్‌లో తమిళులతో పనిచేసేవాణ్ణి కాబట్టి ఆమె అడిగిందీ వాడు చెప్పిందీ రెండూ నాకు అర్థమయ్యాయి. ఊరుకున్నాను. అప్పటికి నా మనసులో ఏ దురుద్దేశమూ లేదని అనుకోవడం నాకు ఇష్టం. నిజమేనా?

అదేమిటో మాత్రం తెలుసుకోవాలనిపించింది. చిటికెడు తీసి దాచుకుని లైబ్రరీకి పరిగెత్తాను. గోముఖంలాంటి చోట మంచు పేరుకుని నదిలా కదిలేటప్పుడు అడుగున ఇరుక్కున్న రాళ్ళు తిరగలిలో పడ్డట్టు నలిగిపోతాయని చదివాను. ఆ పిండిలో పలుగురాయి ఉంటుంది, అభ్రకం రేకులు ఉంటాయి. వేడి దేశాల్లో రాయి కుళ్ళి బంకమన్నవుతుంది. చలిలో అలా కాదు, రాయి రాయిగానే పొడి అవుతుంది. ఏటి ఇసుకలా నున్నబడదు, రేణువు ఎంత చిన్నదైనా అంచులు పోవు. మంచు కరిగిన నీళ్ళు దాన్ని ఒడ్డుకు చేరుస్తాయి, ప్రవాహం తగ్గి ఒడ్డు ఆరగానే గాలి ఎత్తుకుపోతుంది. భూతద్దంలో చూస్తే అన్నీ సరిపోయాయి. అంత సంతోషం నాకు ఇంకెప్పుడూ కలగలేదు. ఆ సంతోషాన్ని ఏం చేశానో చూడండి.

శుక్రవారం పూజ కాగానే ఆంటీ చేతికి భూతద్దం ఇచ్చాను. ఈ మెరుపు చూడండి, బూడిద మెరవదు, ఇది ఏటి ఒడ్డు మట్టి అని చెప్పాను. పలుగురాయి, అభ్రకం అంటూ పాఠం కూడా చెప్పాను. వాడు ధూళి అని చెప్పే ఇచ్చాడని మాత్రం చెప్పలేదు.

సుధాకర్ ఆఫీసు నుంచి వచ్చి ఇంకా బూట్లు విప్పలేదు.

"రోగం మనిషి నెత్తికి మన్ను రాయించావు కదరా. తిరునీరని చెప్పి ఇచ్చావే" అంది ఆంటీ.

"నేనెప్పుడన్నానాంటీ? ధూళనే చెప్పాగా." నా వైపు తిరిగాడు. "నువ్వు అక్కడే ఉన్నావుగా. చెప్పు."

వాడు నన్నేదైనా అడగడం అదే మొదటిసారి. ప్రొఫెసర్ అనలేదు. చెప్పమన్నాడు, అంతే.

"తిరునీరా అని ఆంటీ అడిగితే, అవునన్నావు" అన్నాను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఎన్నోసార్లు తిప్పి తిప్పి చూసుకున్నాను, ఇప్పటికీ అబద్ధం దొరకదు. అయినా ఆ మాటతో వాణ్ణి ఆ ఇంట్లో దొంగను చేశాను. ఏం జరిగిందో వాడికి అర్థం కాలేదు, అర్థం కాలేదని నాకు తెలుసు. ఆంటీ పొట్లాన్ని సింకులో గుమ్మరించి నీళ్ళు వదిలింది. వేరే గది చూసుకోమంది. వాడు పుంగ్గోల్ వైపు ఎక్కడికో మారాడు. మరుసటి ఉదయం ఆంటీ మొదటి దోసె నాకు వేసింది. తిన్నాను.

అంకుల్ పోయినప్పుడు, ఆ గుంటూరోడి మన్నే తగిలిందని వచ్చినవాళ్ళందరికీ చెప్పి ఏడ్చింది ఆంటీ. నేను అక్కడే కుర్చీలు సర్దుతున్నాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. తర్వాత ఆమె కూడా పోయింది.

చాలా ఏళ్ళకు అదే లైబ్రరీలో ఒక పాత తెలుగు నిఘంటువు తిరగేస్తుంటే నీఱు అన్న మాట కనబడింది. అర్థం: బూడిద. అంటే ఆంటీ అడిగిన మాట మన భాషలోనూ ఉంది. వాడూ ఎరగడు, అన్నీ చదివాననుకున్న నేనూ ఎరగను.

ఇప్పటికీ వాడు ఎదురైతే నేను పక్క సందులోకి తిరుగుతాను. క్షమించమని అడగను. ఆ రోజు బూట్లు విప్పకుండా నిలబడి వాడు అడిగినదానికి జవాబు మాత్రం బాకీ ఉంది.

ఆంటీ, వాడు ధూళనే అన్నాడు. సుధాకర్, తిరునీరంటే విభూతి.