ఊ కొట్టే మనిషి

ఖాళీ గదిలో పైకి చదవడం నాకు ఇప్పటికీ చేతకాదు. ఒక వాక్యం పూర్తికాగానే గొంతు ఆగిపోతుంది. ఎదుటి నుంచి రావలసినదేదో రాలేదని తల ఎత్తి చూస్తాను.

ఎం.ఏ. చదివే రోజుల్లో మాది బోధన్, కాలేజీ నిజామాబాద్‌లో. బస్సు చెరుకు బండ్ల వెనక పడిందంటే ఇక ఎప్పుడు చేరుతుందో దాని ఇష్టం. ఇంటికొచ్చి ఇంత బువ్వ తిని బీడీల చాట ముందేసుకోవాలి. అవ్వ ఒక్కతే చుడితే ఇల్లు గడవదు. కన్నతల్లిని మా వైపు అవ్వ అనే పిలుస్తారు. టైం టేబుల్ వేసుకో, అన్నీ కుదురుతాయి అని సీనియర్లు చెప్పేవారు. వేసుకోవడానికి ముందు టైం అంటూ ఉండాలి కదా!

అందుకని చదువునూ బీడీలనూ కలిపేశాను. చేతులు తునికాకు చుడుతుంటే నోరు ఎకనామిక్స్ పాఠం చెప్పేది. ఎదురుగా కూర్చున్న అవ్వ, కథ వింటున్నట్టు వాక్యానికొకసారి "ఊ" అనేది. ఆమెకు అక్షరం రాదు. అయినా ఊ కొట్టేవాళ్లు లేకపోతే చెప్పేవాళ్లకు హుషారుండదని ఆమె నమ్మకం. ఒకసారి, ఒక వస్తువును వాడుతున్నకొద్దీ దాని మీద మోజు తగ్గుతుందనే సూత్రం వల్లిస్తుంటే చెయ్యి ఆపి నవ్వింది.

"తినంగ తినంగ ఎగటు పుడ్తదని సెప్పనీకి గింత పెద్ద సదువా బిడ్డా?"

"గదే రాస్తె మార్కులేస్తరు అవ్వా!"

"ఐతె సెప్పు మల్ల. ఊ."

రెండో ఏడు చలికాలంలో ఆ "ఊ"లో దగ్గు చేరింది. తంబాకు దుమ్ము ఎన్నేళ్లుగా ఆ గుండెల్లో పేరుకుందో! "నువ్వు ఊకో అవ్వా, నేనొక్కదాన్నే సదువుకుంట" అంటే వినేది కాదు. ఆమెకు ఊపిరి అందేదాకా వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగడం నేర్చుకున్నాను. పరీక్షల ముందరే పోయింది.

దినాలు అయ్యాక పుస్తకం పట్టుకుని అవ్వ ఆనుకుని కూర్చునే గోడ ముందు కూర్చున్నాను. మొదటి వాక్యం దాటలేదు. చదివిందంతా ఆమెతోపాటే పోయిందని భయం పట్టుకుంది. పాసైతే ఎక్కడో ఒక చోట లెక్చరర్ పని దొరుకుతుందని, అప్పుడు చాట అటకెక్కుతుందని ఇద్దరం అనుకున్నాం. ఇప్పుడు ఆ ఆశ కూడా చేజారేట్టుంది.

పరీక్ష హాల్లో ఒక వాక్యం రాసి ఆగిపోయాను. అప్పుడు వినిపించింది, చెవి పక్కనే, దగ్గుతో కలిసి: "ఊ."

తిరిగి చూడలేదు. చూస్తే పోతుందని భయం. రెండో వాక్యం రాశాను. మళ్లీ ఊ అంది.

ఇక పెన్ను ఆపలేదు. రాయమన్నవన్నీ అయిపోయాయి. చాయిస్‌లో వదిలెయ్యవలసినవీ రాశాను. అదనపు కాగితాలు అడిగి తీసుకుని, అసలు అడగని పాఠాలు మొదలుపెట్టాను. రాసినంతసేపూ ఆమె ఉంది. బెల్లు కొట్టినా తల ఎత్తలేదు. చివరికి సారు వచ్చి, వాక్యం సగంలో ఉండగానే చేతికింద నుంచి పేపరు లాక్కున్నాడు.

బల్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను. పేపరు పాడైందనుకున్నాడు పాపం.

"ఏడువకు బిడ్డా," అన్నాడు, "మల్ల రాసుకోవచ్చు."