రూతమ్మత్త ఆపిన కారు

ఎండలో ఆగి ఉన్న మా కారు తలుపు తీసినప్పుడల్లా, కాగిన సీటు వాసనతో పాటు నొప్పుల తైలం ఘాటు ముక్కుకు తగులుతుంది. మోకాళ్ళకు అది రాసుకుని ఆదివారం ఆదివారం ఈ వెనక సీట్లోనే ఆరాధనకు వచ్చేది రూతమ్మత్త. ఆమె ప్రభువు సన్నిధికి చేరి ఏడాది దాటింది. కరీంనగర్‌లోని మా సంఘంలో పిల్లలకు వాక్యం నేర్పిన మనిషి. నాకు అక్షరాలకంటే ముందు ఆజ్ఞలు వచ్చాయంటే ఆమె చలవే. తప్పు చెబితే కొట్టేది కాదు. "మళ్ళ చెప్పు బిడ్డా, దేవునికి తొందరేం లేదు" అనేది.

పక్షవాతం వచ్చాక మా ఆయన ఆరాధనకు రావడం మానేశాడు. ఆటో ఎక్కాలన్నా దిగాలన్నా ఎవరో ఒకరు చంకల కింద చేతులు వేసి ఎత్తాలి. సంఘమంతా చూస్తుండగా అలా దిగడం ఆయన తట్టుకోలేకపోయాడు. "ఇంట్ల ప్రార్థన చేసుకుంట తియ్" అని గోడవైపు తిరిగి పడుకునేవాడు. చిన్న కార్లు చూశాం. సీటు నేలకు దగ్గర, కూర్చుంటే లేవలేడు. కాస్త ఎత్తున్న బండి కావాలి, కొత్తది కొనే తాహతు లేదు. జమ్మికుంట దగ్గరి ఓ పల్లెలో మల్లేశం అనే అతను తన ఎస్‌యూవీ అమ్ముతున్నాడని తెలిసి, మా ఆయనను ఎత్తి ఎక్కించి, రూతమ్మత్తను వెంటబెట్టుకుని ఆటోలో వెళ్ళాం.

మల్లేశం దుబాయిలో పని పోయి ఇల్లు చేరినవాడు. కారు తలుపు తీసి పట్టుకున్నాడు. సీటు సరిగ్గా మా ఆయన నడుము ఎత్తుకు వచ్చింది. ఆయన వెనక్కి ఆనుకుని, పట్టు తప్పిన కాలును చేత్తో లోపలికి లాక్కుని, ఎవరూ ముట్టుకోకుండా కూర్చున్నాడు. "సుగుణా, గీ ఆదివారం పోదాం" అన్నాడు. ఎన్ని నెలలుగా ఆ మాట కోసం మోకరించానో ప్రభువుకు తెలుసు.

ధర కుదిరింది. మల్లేశం తాళాలు ఇవ్వబోతుంటే, అరుగు మీద కూర్చున్న అతని తల్లి రాజవ్వ ఏదో గొణిగింది.

"ఏందవ్వా?" అంది రూతమ్మత్త.

"ఏం లేదమ్మా. కారు కొన్ననాడు, 'అవ్వా, మొదలు నిన్నే ఏములాడ రాజన్న గుడికాడికి తోల్కపోత' అన్నడు వీడు. గంతల నా కాలిరిగె. గిప్పుడు కాలొచ్చె, కారు పోవట్టె."

"బస్సుల పోదాం తియ్యవే," అన్నాడు మల్లేశం తల దించుకుని.

"బస్సుల పోయేదానికి నిన్ను దుబాయి తోలుడెందుకురా?"

రూతమ్మత్త నవ్వింది. తర్వాత తాళాలను మల్లేశం గుప్పిట్లోనే మూసింది. "అవ్వను తోల్కపోయి రా కొడుకా. అటెన్క మాకియ్యి."

"పొద్దుమీకి కారు కొంటమని పెద్దపల్లోళ్ళు వస్తున్నరమ్మా. నేను ఆగలేను," అన్నాడతను నిజాయితీగా.

 నేను రూతమ్మత్తను పక్కకు లాగాను. "గుడికి పోయేటందుకు మనం బండి ఇడిచిపెట్టుడేందత్తా? మనం విశ్వాసులమేనా?"

"గుడి సంగతి నేనెత్తలే. వాడు తల్లికి మాటిచ్చిండు. తల్లిని గౌరవించాలెనని నీకు నేర్పిన గదా. గది మన తల్లులకేనా?"

 కారులో ఉన్న మా ఆయనకు అన్నీ వినిపించాయి.  మల్లేశం వైపు చెయ్యి చాచాడు. "తమ్మీ, జర పట్టు. దిగుత."

మళ్ళీ ఆటోలోనే తిరిగొచ్చాం. ఇంటికొచ్చి మోకరిస్తే నాకు మాటే రాలేదు.

మరునాటి సాయంత్రం వాకిట్లో హారన్ మోగింది. ముందు సీట్లో రాజవ్వ! మల్లేశం నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. "పెద్దపల్లోళ్ళు వచ్చిన్రక్కా. అవ్వ కార్లెక్కి కూసున్నది, ఎంత బతిమిలాడినా దిగకపాయె. పరేషానై వాళ్ళే పోయిన్రు. తెల్లారి ఏములాడ పోయొచ్చినం."

రాజవ్వ నా చేతిలో ఓ డబ్బా పెట్టింది. "ప్రసాదం మీరు తినరట గద బిడ్డా. సకినాలు తెచ్చిన."

మల్లేశం తాళాలు ఇచ్చాక, హారన్ విని వచ్చిన రూతమ్మత్త బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థించింది. మల్లేశానికి పని దొరకాలని, రాజవ్వ కాలు గట్టిపడాలని చాలాసేపు అడిగింది. మా సంగతి చివరన ఒక్క ముక్క.

ఇప్పుడు సంఘంలో ఎవరైనా పాత బండి కొంటే ప్రార్థనకు నన్ను పిలుస్తున్నారు. అది ఎవరి ఇంటి నుంచి వచ్చిందో అడిగి, ఆ పేరుతోనే మొదలుపెడతాను. కొందరికి విసుగే. వెనక వరుసలో కర్ర పట్టుకుని నిలబడ్డ మా ఆయన మాత్రం, నేను ఆమెన్ అనేలోగా, "రాజవ్వ కాలు" అని మెల్లగా గుర్తుచేస్తాడు.