చెక్క మీద పాచి

మా ఇంట్లో పాచి కావాలన్నది నేనొక్కదాన్నే. రాజమండ్రిలో వానాకాలం వచ్చిందంటే మెట్లకీ, గోడలకీ, నూతి గట్టుకీ పాచి పట్టడం, దాన్ని గీకి పారేయడం మామూలే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను కడియం నర్సరీలో ఆర్కిడ్లు కొన్నాను. ప్రహరీ గోడ వెనక వైపు పాచిని చాకుతో రేకులుగా లేపి, ఐదు మామిడి చెక్కల మీద పరిచి, మొక్కతో కలిపి దారంతో కట్టాను. ఆర్కిడ్‌కి మట్టి అక్కర్లేదు. వేళ్లు చెక్కని పట్టుకుంటాయి, వాటికి చెమ్మ అందించేది పాచి. “పాచి పచ్చగా ఉన్నంతకాలం మొక్కకి ఢోకా లేదండి” అన్నాడు నర్సరీ ఆయన. ఐదు చెక్కలూ పెరటి వరండాలో వేలాడదీసి, రోజూ ఆఫీసుకి వెళ్లేముందు స్ప్రే డబ్బాతో నీళ్లు కొట్టేదాన్ని.

పది రోజులకి పాచి మాడినట్టయింది. అదీ ఐదు చెక్కల్లో మూడింటి మీదే. చివరి రెండూ నవనవలాడుతున్నాయి. అన్నీ పోతే నాకు చేతకాలేదనుకునేదాన్ని. మూడే పోయాయంటే ఎవరిదో చెయ్యి పడిందన్నమాట.

ఎవరిదో ఏమిటి, మా అత్తగారిదే. అంతకు ముందు ఏడాది ఆవిడ పాచి మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. అప్పట్నుంచి ఎక్కడ పచ్చగా కనిపించినా బ్లీచింగ్ చల్లి కొబ్బరి పీచుతో తోమేస్తారు. నా చెక్కలు చూసి, “జారిపడేదాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నావేంటమ్మా” అన్నారు కూడా.

నాకు ఒకసారి అనుమానం పుట్టిందంటే అన్నం సయించదు. కాఫీ గ్లాసు అందుకుంటూ ఆవిడ వేళ్లు వాసన చూశాను. బ్లీచింగే. ఒకరోజు చెక్కల కింద ముగ్గుపిండి పలచగా చల్లి ఆఫీసుకి వెళ్లాను. సాయంత్రానికి పిండిలో ఆవిడ అడుగులు. వంటింట్లో ఎదురుపడితే ఆవిడ నా మొహంలోకి ఓ క్షణం చూసి తల తిప్పుకునేవారు. అదీ నేరం కిందే వేసుకున్నాను. నోరు తెరిచి అడగడానికి మాత్రం ధైర్యం లేదు.

మా ఆయనతో చెప్పాను. “ఆవిడకీ నాకూ ఇక ఒకింట్లో పొసగదండి” అన్నాను. ఆయన రెండు రోజులు ఆగి, యానాంలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి అమ్మని తీసుకెళ్లమన్నారు. తనని ఎందుకు పంపుతున్నామని అత్తగారు ఒక్క మాట అడగలేదు. చీరలు సర్దుకున్నారు. తప్పు చేశారు కాబట్టే అడగడం లేదనుకున్నాను.

ఆవిడ ప్రయాణం నాడు నేను సెలవు పెట్టాను. పొద్దున పెరట్లోకి వెళ్తే, ఆవిడ చెంబుతో చివరి రెండు చెక్కల మీదా నీళ్లు పోస్తున్నారు. దొరికారు కదా అనుకున్నాను.

“ఏం పోస్తున్నారండి?”

“వాన నీళ్లమ్మా. చూరు కింద బకెట్ పెట్టి పట్టాను. రెండింటికే సరిపోతున్నాయి.”

“కుళాయి నీళ్లున్నాయిగా.”

“ట్యాంకులో బ్లీచింగ్ కలుపుతున్నావు గదా. నేను పాచిని చంపేది దాంతోనే. నువ్వు ఆఫీసుకెళ్లాక ఈ నీళ్లతో కడిగేస్తున్నాను.”

“మీకు పాచంటే పడదు కదండి.”

“నాకు పడదు. నీకు కావాలిగా.”

కుళాయిల్లో గోదావరి ఎర్రనీరు వచ్చే రోజులవి. కామెర్లొస్తాయన్న భయంతో ట్యాంకులో చెంచాలకి చెంచాలు పౌడరు కలిపింది నేనే, ఆ పని ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు కూడా. ఆ నీళ్లే స్ప్రే డబ్బాలో పోసుకున్నాను. ఇంట్లో అందరి చేతులూ అదే వాసన కొడుతుంటే నేను ఆవిడ వేళ్లే వాసన చూశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

వెళ్లొద్దన్నాను. చేతులు పట్టుకున్నాను. ఆవిడ కోప్పడలేదు, చేతులూ విడిపించుకోలేదు. “చిన్నాడు బస్టాండుకి వచ్చేస్తాడమ్మా” అన్నారంతే. ఈలోగా మా ఆయన ఆటో తెచ్చారు. సంచి నేనే మోసుకెళ్లి లోపల పెట్టాను.

“ఈ సంగతి నాతో ముందే ఎందుకు చెప్పలేదండి?” అన్నాను.

“నువ్వు అడుగుతావని రోజూ చూశానమ్మా” అంటూ ఆటో ఎక్కారు.