బ్రేకు నొక్కితే బ్యాటరీ నిండదు: వజ్రపుకొత్తూరు నుంచి పలాస దాకా

పోయిన టపా కింద ఒక పాఠకుడు, "బ్యాటరీ బండికి బ్రేకు వేసినప్పుడల్లా ఛార్జింగ్ నిండుతుంది, దూరం గురించి బెంగ అక్కర్లేదు" అని రాశారు. కాదు నాయనా. ముప్పై ఏళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని, ఈ ముక్క దిద్దకుండా వదిలేస్తే నాకు అన్నం సయించదు. పైగా మొన్న మంగళవారం ఇదే నమ్మకం వల్ల మా వియ్యపురాలు నరసమ్మ డయాలసిస్ వంతు పోగొట్టుకోబోయింది.

వారానికి రెండుసార్లు ఆవిడ వజ్రపుకొత్తూరు దగ్గరి పల్లె నుంచి పలాస వెళ్లాలి. తీసుకెళ్లే మా అల్లుడికి జ్వరం రావడంతో నేను తోడు బయలుదేరాను. టెక్కలిలో ఆరింటికి బస్సెక్కి, పలాసలో మారి, ఎనిమిదిన్నరకు వాళ్లింటికి చేరాను. వంతు పదకొండింటికి. తప్పితే మళ్లీ శుక్రవారమే. ఆవిడ పాదాలు అప్పటికే చెప్పుల్లో పట్టడం లేదు.

బండి అదే ఊరి తవిటయ్యది. మూడు చక్రాల బ్యాటరీ బండి, రానూపోనూ ఐదువందలు. దీని మోటార్లు వెనక చక్రాల నడిమధ్యనే ఇమిడి ఉంటాయి, హబ్ మోటార్లంటారు. గేర్లు లేవు, గొలుసు లేదు, ఇంజను అదురు లేదు. డీజిల్ ఆటో ఎక్కితే నరసమ్మకు కడుపులో తిప్పుతుంది, అందుకే ఇదే కావాలంటుంది. గుంతల్లో మాత్రం ఆ చక్రాల బరువు మన నడుముకు తెలుస్తుంది.

తొమ్మిదింబావుకు కదిలాం. మీటరులో ఐదు గీతలకు మూడే ఉన్నాయి.

"ఏటి తవిటయ్యా, సగమే ఉంది?" అన్నాను.

"రాత్రి కరెంటు పోనాది మామ్మా. పర్వాలేదు, బ్రేకులేసుకుంటా ఎల్తే అదే ఎక్కిపోద్ది."

జీడితోటల మధ్య ఖాళీ రోడ్డు. తవిటయ్య జోరుగా లాగి, గభాలున బ్రేకు నొక్కి, ఛార్జింగ్ ఎక్కుతోందని మీటరులో వెలిగిన పచ్చలైటును గర్వంగా చూపించేవాడు. మళ్లీ లాగడం, మళ్లీ నొక్కడం.

"ఈ బాబు నన్ను ఆస్పత్రికి తీసుకెల్తన్నాడా, రోట్లో ఏసి దంపుతన్నాడా వదినా?" అంది నరసమ్మ.

పూండి చేరేసరికి పది. ఒక్క గీత మిగిలింది. పలాస ఇంకా పది కిలోమీటర్ల పైమాటే. స్టాండులో ఖాళీ ఆటో లేదు. వచ్చిన ఒక్క షేరు ఆటోలో కాలు పెట్టే చోటు లేదు. తవిటయ్య మీటరు అద్దం తుడిచి మళ్లీ చూశాడు.

"మరి పచ్చలైటు ఎలిగింది కదా మామ్మా?"

"వెలిగింది. బావిలోంచి బిందెడు నీళ్లు తోడి, నేలమీద ఒంపి, కొంగుతో అద్ది పిండుకుంటే బిందె నిండుతుందేటి? బ్రేకు ఇచ్చేది ఆ పిండిన నీళ్లే."

"నీళ్ల మాట నా ముందెత్తకు వదినా. నాకు గుక్కలు లెక్కెట్టి ఇత్తన్నారు."

ముగ్గురం నవ్వాం. తర్వాత పెత్తనం నేను తీసుకున్నాను. బ్రేకు వేసినప్పుడు తిరిగే చక్రం మోటారును డైనమోలా మార్చి కరెంటు పుట్టించే మాట నిజమే. కానీ ఆ వేగం కోసం ఖర్చుపెట్టిన దాంట్లో కొంతే తిరిగొస్తుంది. దిగుడులోనూ, ఎలాగూ ఆగక తప్పని చోటా అది లాభం; పనిగట్టుకుని ఆగితే నష్టం. అందుకని సైకిలు కంటే కాస్త ఎక్కువ వేగం, అదీ ఒకే తీరు. ఎదురుగా గేదె కనబడితే దూరం నుంచే యాక్సిలరేటరు వదిలేయాలి. బ్రేకు వేస్తే దారిలోని వంతెన దిగుడులోనే.

కొబ్బరికాయల మోపుతో ఒక మోపెడ్ మమ్మల్ని దాటింది. "తోయమంటావేటి మావా?" అని అరిచాడతను. యాక్సిలరేటరు మీద తవిటయ్య మణికట్టు తిరగబోయింది.

"రోషం మేం దిగాక చూపించు నాయనా. ముందు ఈవిణ్ణి దింపు," అన్నాను. చెయ్యి ఆగింది.

చివరి కిలోమీటరులో ఆ గీత కూడా మినుకుమినుకుమంది. పదకొండుకు ఐదు నిమిషాలుండగా ఆస్పత్రి గుమ్మం ముందు ఆగాం. లోపల నర్సు నరసమ్మ పేరు పిలుస్తోంది. ఆవిడ నా భుజం పట్టుకుని దిగి, "వత్తన్నా తల్లీ, నా మంచం ఎవరికీ ఇచ్చీకండి" అని బయటినుంచే కేక వేసింది.

ఆవిడకు మంచం మీద నాలుగు గంటలు, బండికి టీకొట్టు ప్లగ్గు దగ్గర నాలుగు గంటలు. తిరుగుప్రయాణంలో తవిటయ్య నేను చెప్పకుండానే ఒకే తీరున నడిపాడు. నరసమ్మ నా ఒళ్లో తల పెట్టి ఊరొచ్చేదాకా నిద్రపోయింది. ఆ బండి మంచిదే. దానికి లేని శక్తిని అంటగట్టింది మనం. శుక్రవారానికీ దాన్నే మాట్లాడాను.

మీరు ఇటు వచ్చి ఇలాంటి బండి మాట్లాడుకుంటే ఒక పని చేయండి. ముందురోజు సాయంత్రం డ్రైవరును పంక్చరు కొట్టుకు తీసుకెళ్లి మూడు టైర్లలోనూ గాలి కొట్టించండి. మెత్తని టైరు ఛార్జింగును తినేస్తుంది. తర్వాత బండిని మీ ఎదుటే ప్లగ్గుకు తగిలించమనండి. పొద్దున ఛార్జరు సీటు కింద ఉందో లేదో చేత్తో తడిమి చూసి, అప్పుడు ఎక్కండి.