గాల్లో ఆగిన చెంచా

ఆంటీ అనగానే నాకు గాల్లో ఆగిపోయిన ఒక చెంచా గుర్తొస్తుంది. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఆవిడ ఇంట్లోనే ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. ఆవిడది గుంటూరు, వృద్ధుల్ని చూసుకునే కేర్ హోమ్‌లో ఉద్యోగం. జూలై ఎండలో కూడా ఆ వంటింట్లో క్రిస్మస్ పాటలే మోగేవి. ఏదో అమెరికా కంట్రీ మ్యూజిక్ బృందం ఆల్బమ్. కోరస్ వచ్చినప్పుడల్లా ఆవిడ చెంచా ఎత్తి, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు గాల్లో ఆపేవారు.

మా అమ్మ పొద్దున్నే పెట్టే భక్తిపాటల్లాంటివే కాబోలనుకుని, డిసెంబరులో అదే బృందానిది ఇంకో క్రిస్మస్ సీడీ కొనిచ్చాను.

"ఇంకోటా! ఈ పాటలంటేనే నాకు ఒళ్ళుమంట బాబూ!"

"మరి రోజూ ఎందుకు పెడతారాంటీ?"

"మా హోమ్‌లో ఒక పెద్దాయనున్నాడు, మతిమరుపు జబ్బు. ఈ పాటలు పెడితేనే తింటాడు. అదీ కోరస్‌కే నోరు తెరుస్తాడు. ఆ టైముకి చెంచా అందకపోతే ఆ పూటకి పస్తే. అందుకే ఈ ప్రాక్టీసు."

మార్చిలో ఒక ఆదివారం వంటింట్లో పాట వినబడలేదు. వెళ్ళి చూస్తే, కంచం ముందు ఆంటీ అన్నం తీసిన చెంచా ఎత్తి పట్టుకుని కూర్చున్నారు.

"ఏమైందాంటీ?"

"పెద్దాయన పోయాడు బాబూ. పాత సీడీ ఆయన శవపేటికలో పెట్టి ఆయనతోనే పంపించేశా. నువ్విచ్చింది ఆ అరలో ఉంది, పెట్టు."

పెట్టి, వెనక్కి తిరిగి చూశాను. కోరస్ వచ్చేదాకా ఆవిడ ఆ చెంచాలోని ముద్దకి నోరు తెరవలేదు.